షుగర్ ఉన్నవాళ్లకు కరోనా వస్తే: గోడ కాగితంలో ఈ నాలుగు వాక్యాలు సరేనా?

ప్రశ్న
చంద్రగిరి ఎంఎల్‌హెచ్‌పీ

అందరికీ నమస్కారం. నేను ఎంఎల్‌హెచ్‌పీని, అంటే విలేజ్ హెల్త్ క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగిని. బీపీ, షుగర్ మాత్రలకు నెలనెలా వచ్చేవాళ్ల కోసం విలేజ్ హెల్త్ క్లినిక్ గోడకు అతికించడానికి ఒక పేజీ కాగితం తయారుచేస్తున్నాం. 2023 మే 5న డబ్ల్యూహెచ్‌ఓ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది గానీ వైరస్ ఊరు విడిచిపోలేదు. జ్వరం, దగ్గు ఉన్న షుగర్ మనిషికి కిట్‌లో రెండు గీతలు పడితే ఆశా అక్క అక్కడికక్కడ ఏం చెప్పాలి అన్నదే ఆ కాగితం పని.

"నాకు షుగర్ కంట్రోల్లోనే ఉండాదమ్మా, నాకేం కాదు" అనేవాళ్లు ఒక పక్క. "షుగరుండాది, ఇంక అంతే" అని మంచం ఎక్కేవాళ్లు ఇంకో పక్క. ఇద్దరికీ పనికొచ్చేలా ఉండాలి. ఇప్పటికి నాలుగు వాక్యాలు రాశాం:

ఒకటి, షుగర్ ఉన్నవాళ్లకు కరోనా తొందరగా అంటుకుంటుంది.
రెండు, షుగర్ మందులు ఏ ఒక్కటీ ఆపకూడదు.
మూడు, రోజూ పొద్దున పరగడుపున షుగర్ చూసుకోవాలి.
నాలుగు, ఆక్సిజన్ 90 కంటే తగ్గితే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తప్పుంటే మొహమాటం లేకుండా కొట్టేయండి. కొట్టేసినదానికి కారణం కూడా రాస్తే మీటింగులో అక్కలకు విడమరిచి చెప్పడానికి వీలవుతుంది.

జవాబు 1
జనరల్ మెడిసిన్, తిరుపతి

సిస్టర్, మంచి పని చేస్తున్నారు. మొదటి వాక్యం, నాలుగో వాక్యం నేను చూస్తాను. మందుల సంగతి చిత్తూరు మెడికల్ షాపు అన్న రాస్తే బాగుంటుంది.

మొదటిది కొట్టేయండి. షుగర్ ఉన్నంత మాత్రాన వైరస్ ఎక్కువగా అంటుకుంటుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. పక్కింటాయనకు ఎంత అవకాశం ఉందో ఈయనకూ అంతే. తేడా వచ్చేది అంటుకున్న తర్వాత. 2020 ఫిబ్రవరిలో చైనా రోగ నియంత్రణ కేంద్రం (సీడీసీ) 44,672 కేసుల లెక్క బయటపెట్టింది. మొత్తం మీద చనిపోయినవాళ్లు నూటికి 2.3, షుగర్ ఉన్నవాళ్లలో 7.3, ఏ జబ్బూ లేనివాళ్లలో 0.9. ఇంగ్లండులో 2020 మార్చి నుంచి మే దాకా ఆసుపత్రుల్లో కరోనాతో చనిపోయినవాళ్లలో దాదాపు మూడో వంతు షుగర్ ఉన్నవాళ్లే. వయసు, ఆడా మగా, ఆర్థిక స్థితి వంటివన్నీ సరిచూసి లెక్కేసినా టైప్ 2 (ఎక్కువమందికి ఉండే మామూలు రకం) వాళ్లకు ముప్పు సుమారు 2 రెట్లు, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం) వాళ్లకు 3.5 రెట్లు తేలింది. గుండె జబ్బును కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ అంకెలు 1.8కి, 2.9కి దిగాయి. అంటే ముప్పులో కొంత వాటా గుండెది, కిడ్నీది, ఊబకాయానిది. అయినా షుగర్ వాటా మిగులుతూనే ఉంది.

ఈ అంకెలన్నీ టీకా రాకముందువి, మొదటి రకం వైరస్‌వి. ఇవాళ టీకాలు పడి, ఒకటి రెండుసార్లు కరోనా వచ్చిపోయిన మనిషికి అంత భయం లేదు. మరణాల శాతాన్ని గోడమీద రాయకండి, చదివినవాళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. వయసే అన్నిటికన్నా పెద్ద ముప్పు అన్న సంగతి మాత్రం అక్కలకు చెప్పండి. ముప్పై ఐదేళ్ల షుగర్ మనిషి, డెబ్బై దాటిన షుగర్ మనిషి ఒకటి కాదు.

ఎందుకిలా జరుగుతుంది? రక్తంలో చక్కెర 200, 300 దగ్గర తిష్ఠ వేస్తే తెల్లరక్తకణాలు మొద్దుబారతాయి. సూక్ష్మజీవి ఉన్నచోటికి చేరడం, దాన్ని మింగి చంపడం రెండూ మందగిస్తాయి. రక్తనాళాల లోపలి పొర పాత షుగర్‌తో అప్పటికే పాడై ఉంటుంది. కరోనా దెబ్బకొట్టేది కూడా ఆ పొరనే. అందుకే రక్తం గడ్డలు కట్టడం ఎక్కువ. ఆపైన జబ్బు వల్ల వచ్చే వాపు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు, షుగర్ ఇంకా ఎక్కుతుంది, ఎక్కిన షుగర్ వాపును ఇంకా పెంచుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి.

"కంట్రోల్లోనే ఉండాది" అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. చైనాలోని హుబేలో 7,337 మంది కరోనా రోగులను చూసిన అధ్యయనంలో 952 మందికి టైప్ 2 షుగర్. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చక్కెర 70 నుంచి 180 మధ్య నిలిచినవాళ్లలో మరణాలు 1.1 శాతం, అదుపు తప్పినవాళ్లలో 11 శాతం. ఇది చూపించి "షుగర్ దించితే పదింతలు బతుకుతారు" అనేవాళ్లున్నారు. అలా అనకూడదు. జబ్బు ముదిరినవాళ్లకు షుగర్ దానంతటదే ఎక్కుతుంది, స్టెరాయిడ్ పడితే ఇంకా ఎక్కుతుంది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ అధ్యయనంతో పూర్తిగా విడదీయలేం. నేను దాన్ని వాడుకునేది ఒక్కదానికే. జబ్బు పడ్డ ఆ పది రోజుల షుగర్‌ను గాలికొదలొద్దు అని చెప్పడానికి. మూడు నెలల సగటును ఇవాళ మార్చలేం, ఈ పూట అంకెను మార్చగలం.

నాలుగో వాక్యం ప్రమాదం. 93 నుంచి 90 మధ్య అంటేనే మధ్యస్థ జబ్బు, 90 కంటే దిగితే తీవ్రం. మీ కాగితం తీవ్రమయ్యేదాకా ఇంట్లోనే ఆగమంటోంది. చంద్రగిరి నుంచి తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో దూరం తక్కువే గానీ లోపలి పల్లెల నుంచి బండి రావాలి, ఎక్కించాలి. 94 కంటే దిగగానే కదలాలి. కూర్చున్నప్పుడు 96 ఉన్నా సరే, గదిలోనే 6 నిమిషాలు మామూలు నడక నడిపించి మళ్లీ చూడండి. 94 కంటే దిగినా, మొదటి అంకె నుంచి 3కి మించి పడినా ఆసుపత్రికే. ఇంట్లో తోడు లేనివాళ్లను, కూర్చున్నప్పుడే ఆయాసపడేవాళ్లను నడిపించొద్దు.

కరోనాలో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ దిగిపోవడం అందరిలోనూ చూసిందే. దానికి తోడు ఏళ్ల తరబడి షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్లకు గుండెపోటు నొప్పి కూడా సరిగా తెలియదు. "బాగానే ఉన్నా" అన్న మాటను వీళ్ల దగ్గర కొలతగా తీసుకోకండి.

జవాబు 2
మెడికల్ షాపు, చిత్తూరు

రెండో వాక్యం నా వంతు. "ఏ ఒక్కటీ ఆపకూడదు" అని రాస్తే కొంతమందిని మనమే ఐసీయూకి పంపినట్టవుతుంది. తిండి, నీళ్లు మామూలుగా పోతున్నంతవరకు అన్నీ వేసుకోవచ్చు. వాంతులు, విరేచనాలు, తిండి సయించకపోవడం మొదలైతే లెక్క మారుతుంది.

ముందు ఆపాల్సింది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం. ఇవి చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి, దాంతోపాటు నీటినీ లాగేస్తాయి. తిండి తగ్గిన ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. మోసం ఎక్కడంటే, రక్తంలో చక్కెర 250 కంటే తక్కువే ఉంటుంది, 180 కూడా ఉండొచ్చు, అయినా రక్తం ఆమ్లంగా మారిపోయి ఉంటుంది. మీటర్ చూసి "షుగర్ బాగుంది" అనుకుంటారు. మనిషి బాగా తిని, తాగి 24 నుంచి 48 గంటలు గడిచాకే ఈ మాత్ర మళ్లీ మొదలు.

మెట్‌ఫార్మిన్ మామూలు జ్వరానికి ఆపక్కర్లేదు. వాంతులతో ఒళ్లు ఎండినా, ఆక్సిజన్ తగ్గినా, మూత్రం తగ్గి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) పెరిగినా ఆపాలి, లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, పెద్దవాళ్లలో, కిడ్నీ బాగాలేనివాళ్లలో మరీ. తిండి సగానికి తగ్గితే డాక్టరునడిగి డోసు తగ్గించాలి, అసలు తినకపోతే ఆ పూటకు వద్దు. విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ రకంతో పేచీ తక్కువ, మామూలుగా కొనసాగించొచ్చు.

ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు. తినడంలేదని ఇన్సులిన్ మానేయడం టైప్ 1 పిల్లలకు ప్రాణాంతకం. రోజుకోసారి వేసే దీర్ఘకాలిక ఇన్సులిన్ తినకపోయినా కొనసాగుతుంది. భోజనానికి ముందు వేసేదాన్నే తిన్నదాన్నిబట్టి తగ్గిస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. మన దగ్గర సగానికి సగం మంది వేసుకునేది కలిపిన మాత్ర. చాలా బ్రాండ్లలో పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటే గ్లిమిపిరైడ్ 1 లేదా 2 మిల్లీగ్రాములతో మెట్‌ఫార్మిన్ కలిపి ఉందని అర్థం. డాపాగ్లిఫ్లోజిన్‌తో మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్‌తో సిటాగ్లిప్టిన్, మూడూ కలిపినవి కూడా వస్తున్నాయి. "తెల్ల మాత్ర ఆపు, పచ్చ మాత్ర వేసుకో" అంటే కుదరదు. అట్ట వెనక సన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదవాలి. అక్కలు అట్టను ఫోటో తీసి మీకు పంపేలా చూడండి, నోటిమాట మీద నమ్మకం వద్దు.

టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కరోనా వచ్చిందని ఆపక్కర్లేదు, అది 2020లో పుట్టిన పుకారు. విరేచనాలు పట్టి బీపీ పడిపోతుంటే, అందులోనూ నీరు పోయే మందు కలిపిన మాత్రయితే, డాక్టరుకు చెప్పి రెండు రోజులు ఆపొచ్చు.

ఇంకో రెండు మాటలు. మిరియాలు, శొంఠి కషాయం తాగితే తాగనీయండి గానీ చిత్తూరు బెల్లం గడ్డ అందులో వేయొద్దు. దగ్గు సిరప్ అడిగితే షుగర్‌ఫ్రీ ఇమ్మనండి. ఓఆర్‌ఎస్‌కు మాత్రం భయపడక్కర్లేదు. లీటరు నీళ్లలో కలిపే పొట్లంలో గ్లూకోజు 13.5 గ్రాములే, విరేచనాలవుతుంటే షుగరోళ్లకూ అదే మందు. దుకాణాల్లో రుచులు కలిపి డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు మాత్రం ఓఆర్‌ఎస్ కావు.

చంద్రగిరి ఎంఎల్‌హెచ్‌పీ

సార్, అన్నా, ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటిది, రెండోది, నాలుగోది తీసేసి మళ్లీ రాస్తున్నాం. రెండు అనుమానాలు. ఆయాసం చూసి అది ఊపిరితిత్తులదా, కీటోన్లదా అని పల్లెలో ఎట్ల కనుక్కోవాలి? ఇంకోటి, జ్వరం రెండో రోజే ఎక్కడో డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) మాత్రలు రాయించుకుని వేసుకునేవాళ్లున్నారు. వాళ్లకు పరగడుపు షుగర్ 130 ఉంటోంది, "చూడమ్మా, బాగానే ఉండాది" అంటారు. మూడో వాక్యం తప్పని అనిపిస్తోంది గానీ ఎక్కడ తప్పో చెప్పలేకపోతున్నాం.

జవాబు 3
ఐసీయూ డ్యూటీ, తిరుపతి

మేడమ్, మొదటి అనుమానానికి మీ చేతిలోని రెండు పరికరాలే చాలు. ఊపిరితిత్తుల ఆయాసమైతే సాధారణంగా వేలిమీద ఆక్సిజన్ తగ్గుతుంది. 97, 98 చూపిస్తూనే మనిషి లోతుగా, ఆగకుండా, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తుంటే, వాంతులో కడుపునొప్పో తోడైతే, కీటోన్లను అనుమానించండి. నోటి నుంచి పండిన పండు వాసన కొందరిలోనే వస్తుంది, దానికోసం ఎదురుచూడొద్దు. మూత్రం పుల్లతో కీటోన్ చూడండి. రెండు ప్లస్‌లు, అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ ఎంతున్నా సరే పంపేయండి. రక్తంలో కొలిచే మీటరుంటే 0.6 లోపు మామూలు, 1.5 దాటితే అదే పూట డాక్టరు దగ్గరికి, 3 దాటితే అత్యవసరం. కీటోన్ల ఆయాసాన్ని కరోనా ఆయాసమనుకుని ఆక్సిజన్ మాత్రమే పెట్టి, సెలైనూ ఇన్సులినూ ఆలస్యం చేయడం జరగకూడని పొరపాటు.

ఇక స్టెరాయిడ్. దీని గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, షుగర్ ఉన్నవాళ్లకు కరోనాలో మేలూ కీడూ రెండూ ఎక్కువగా చేసిన మందు ఇదే.

2020 జూన్‌లో బ్రిటన్‌లో కరోనా మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ పెట్టినవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం లాభం లేదు, అంకెలు తిరగబడి 14.0 కాస్తా 17.8 అయ్యాయి. ఆ చివరి తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చు, కానీ మేలు లేదన్నది ఖాయం. అందుకని ఆక్సిజన్ 94, అంతకంటే పైన ఉన్న మనిషి ఇంట్లో డెక్సా వేసుకుంటే మిగిలేది ఎక్కిన షుగర్ ఒక్కటే. ఆస్తమా లాంటి వేరే జబ్బుకు ముందునుంచీ స్టెరాయిడ్ వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్లు హఠాత్తుగా ఆపకూడదు.

"6 మిల్లీగ్రాములే కదా" అనిపిస్తుంది. డెక్సా 6 అంటే ప్రెడ్నిసొలోన్ 40తో సమానం, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 32తో సమానం. పని చేసేది ఒకటిన్నర నుంచి రెండు రోజులకు పైగా.

పొద్దున 8కి స్టెరాయిడ్ పడితే చక్కెర ఎక్కేది మధ్యాహ్నం భోజనం తర్వాత, మరీ ఎక్కువగా సాయంత్రం. రాత్రంతా తినకుండా ఉండేసరికి తెల్లారికి దిగుతుంది. పరగడుపున 130, రాత్రి భోజనానికి ముందు 340, అదే మనిషిలో అదే రోజు. మీ మూడో వాక్యం పాటిస్తే కనిపించేది ఆ 130 ఒక్కటే. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు పరగడుపు, మధ్యాహ్నం భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు, పడుకునేటప్పుడు, మొత్తం నాలుగుసార్లు చూడాలి. స్ట్రిప్పులు తక్కువుంటే, ఒక్కసారే చూడగలిగితే, రాత్రి భోజనానికి ముందు చూడమనండి. షుగర్ ఎప్పుడూ లేనివాళ్లకు కూడా స్టెరాయిడ్ మొదలైతే ఆ ఒక్కటి తప్పనిసరి.

ఆసుపత్రిలో మా లక్ష్యం 140 నుంచి 180. 110కి దించాలని పట్టుబట్టం, దించబోయి 50కి జారితే నష్టం ఎక్కువ. మాత్రలతో ఈ ఎక్కుడు దిగదు, ఇన్సులినే కావాలి. డెక్సా 6 మీద ఉన్నవాళ్లకు వాడుకలో ఉన్న ఒక మొదలు లెక్క చెబుతాను. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ (పాలలాగుండే రకం) కిలో బరువుకు 0.3 యూనిట్లు, అందులో మూడింట రెండు వంతులు పొద్దున, ఒక వంతు సాయంత్రం. 60 కిలోల మనిషికి 18 యూనిట్లు, పొద్దున 12, సాయంత్రం 6. డెబ్బై దాటినవాళ్లకు, బక్కచిక్కినవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అందులో సగంతో మొదలు. అప్పటికే ఇన్సులిన్ వేసుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్ల డోసుమీద పెంచుకుంటూ పోతారు. ఇది డాక్టరు పర్యవేక్షణలో రోజూ సరిచేసుకునే లెక్క. గోడకు ఎక్కించే లెక్క కాదు, మీ అవగాహన కోసమే రాశాను.

గోడకు ఎక్కించాల్సింది ఇంకోటుంది. ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉందా, 100 అని ఉందా అన్నది. సర్కారు సరఫరాలో వచ్చే సీసా మామూలుగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజీ. పెన్నుల్లోని గొట్టాలు 100 యూనిట్లవి, 100 సిరంజీకి నారింజ మూత. పెన్ను చెడిపోయిందని గొట్టంలోంచి ఎర్ర మూత సిరంజీతో లాగి 12 గీతల దాకా ఎక్కిస్తే పడేది 12 కాదు, 30 యూనిట్లు. 40 సీసాను నారింజ సిరంజీతో లాగితే 12 అనుకున్నది 5 కూడా ఉండదు. షుగర్ ఎందుకు పడిపోయిందో, ఎందుకు దిగడంలేదో అర్థంకానప్పుడు ముందు సీసా, సిరంజీ పక్కపక్కన పెట్టి చూడండి. పాలలాగుండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పది పన్నెండుసార్లు మెల్లగా దొర్లించాలి, ఊపకూడదు. దొర్లించకపోతే అడుగున పేరుకున్న మందు ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ వస్తుంది.

స్టెరాయిడ్ ఆపిన రోజే అసలు జాగ్రత్త. డిశ్చార్జి చీటీలో డెక్సా ఆగిపోతుంది, ఇన్సులిన్ డోసు మాత్రం అలాగే ఉండిపోతుంది. రెండు మూడు రోజుల్లో స్టెరాయిడ్ ప్రభావం పోయి ఇంట్లో తెల్లవారుజామున షుగర్ 45కి జారుతుంది. ఇంటికొచ్చిన మొదటి వారం ఆశా అక్క అడగాల్సిన మొదటి ప్రశ్న "స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారు, ఇన్సులిన్ తగ్గించారా" అని. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు, 108కే.

తిండి గురించి ఒక్క మాట. "రాగి కదా, షుగర్ ఎక్కదు" అని జ్వరంలో జావ మీద జావ పోస్తారు. రాగిపిండిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, పల్చటి జావగా తాగితే సంగటి కంటే తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. తాగనీయండి, ఒక గ్లాసు మజ్జిగ కలిపి, ఒక పూట ఆహారంగా లెక్కేసి తాగనీయండి. గుడ్డు, పప్పు ఆపొద్దు.

జవాబు 4
ఈఎన్‌టీ, తిరుపతి

పైవాళ్లు స్టెరాయిడ్ దగ్గర ఆగారు, దాని తర్వాతిది నేను చెబుతాను. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. మన రాష్ట్రంలో దాన్ని ఆరోగ్యశ్రీలో కూడా చేర్చారు. దాన్ని తెచ్చే మ్యూకర్ బూజు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండేదే. అదుపు తప్పిన షుగర్, కీటోన్ల ఆమ్లం, స్టెరాయిడ్ ఈ మూడూ కలిసినచోట అది రక్తనాళాల్లోకి దూరుతుంది. ఆమ్లం పెరిగితే రక్తంలో ఇనుము దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ నుంచి విడిపోతుంది, ఆ ఇనుమే దానికి ఎరువు.

కాగితంలో "ముక్కు నల్లబడితే రండి" అని రాయకండి. నలుపు అంటే కణజాలం చచ్చిపోయిందని, అప్పటికే ఆలస్యం. కరోనా వచ్చిన రెండు మూడు వారాల్లో ఒకవైపే ముక్కు దిబ్బడ, ఒకవైపే బుగ్గ నొప్పి లేదా తిమ్మిరి, పై దవడ పన్ను కదలడం, కన్ను వాయడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం. "ఒకవైపే" అన్న మాట పెద్ద అక్షరాల్లో రాయండి. వచ్చినరోజే ముక్కులోకి ఎండోస్కోపుతో చూసి, ముక్క తీసి కేఓహెచ్ (మైక్రోస్కోపులో బూజును వెతికే) పరీక్షకు పంపితే కొన్ని గంటల్లో తెలుస్తుంది. చచ్చిన భాగం ఆపరేషన్‌తో తీసేయాలి, బూజును చంపే మందు లైపోసోమల్ ఆంఫొటెరిసిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజూ ఎక్కించాలి, తర్వాత పోసకొనజోల్ మాత్రలు.

వార్డు సిస్టర్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకోసం: ఆంఫొటెరిసిన్ సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, 5 శాతం డెక్స్‌ట్రోజు (గ్లూకోజు) నీళ్లలోనే కలపాలి. అంటే మందుతోపాటు చక్కెర కూడా పోతోంది, దానికి ఇన్సులిన్ లెక్క వేయాలి. పొటాషియం పడిపోతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది, రెండూ వెంటవెంటనే చూస్తుండాలి. పొటాషియం తక్కువున్నప్పుడు ఇన్సులిన్ ఇంకా దించుతుంది, గుండె లయ తప్పుతుంది.

జవాబు 5
ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు

అంకెలమీద ఇంత నడుస్తోంది కాబట్టి అంకె తప్పు వచ్చే దారులు చెబుతాను. లడ్డూ ప్రసాదమో మామిడిపండో తిని చెయ్యి కడగకుండా వేలు గుచ్చితే వేలికంటిన చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. స్పిరిటుతో తుడిస్తే చాలదు, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా ఉంటే రక్తం పల్చబడి తక్కువ చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు చెడతాయి. విటమిన్ సీ పెద్ద మోతాదులో సెలైన్‌లో ఎక్కిస్తే కొన్ని మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, ఆ అంకెతో ఇన్సులిన్ వేస్తే మనిషి పడిపోతాడు. బీపీ పడిపోయి చేతులు చల్లబడ్డవాళ్లకు వేలి రక్తం నమ్మొద్దు, నరం నుంచి తీసి ల్యాబ్‌కు పంపండి. ఆక్సిజన్ మీటరుకూ అదే, చల్లటి వేలు, గోళ్లరంగు, ముదురు గోరింటాకు ఉంటే అంకె తేడా రావచ్చు. వేలు మార్చి, నిమిషంపాటు అంకె నిలకడగా ఉన్నాక రాసుకోండి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) గురించి: రక్తహీనత ఉన్నవాళ్లలో, ఈమధ్య రక్తం ఎక్కించినవాళ్లలో అది సరిగా రాదు. మన పల్లెల్లో ఆడవాళ్లలో రక్తహీనత ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఫ్రాన్సులో 1,317 మంది షుగర్ రోగులమీద చేసిన కొరొనాడో అధ్యయనంలో హెచ్‌బీఏ1సీకి, ఏడు రోజుల్లో వెంటిలేటరో మరణమో సంభవించడానికి సంబంధం కనబడలేదు. మరి కంట్రోలుతో లాభమేంటని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి సార్?

జనరల్ మెడిసిన్, తిరుపతి

మంచి ప్రశ్న. కొరొనాడో చూసింది అప్పటికే ఆసుపత్రిలో చేరినవాళ్లను మాత్రమే. వడపోత అయిపోయాక మిగిలినవాళ్లలో తేడా వెతికినట్టు. ఇంగ్లండులో షుగర్ ఉన్న జనం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకున్నప్పుడు టైప్ 2లో హెచ్‌బీఏ1సీ 10, అంతకంటే పైన ఉన్నవాళ్లకు కరోనా మరణం ముప్పు, 6.5 నుంచి 7 మధ్య ఉన్నవాళ్లకంటే 1.6 రెట్లు తేలింది. ఆసుపత్రి గడప దాటకుండా ఆపడంలో పాత కంట్రోలుకు వాటా ఉంది. గడప దాటాక ఆ రోజు షుగర్‌దే పెత్తనం, కొరొనాడోలో కూడా చేరినరోజు చక్కెరకు సంబంధం కనిపించింది. అందుకే "కంట్రోల్లోనే ఉండాది" అన్న మనిషికి కూడా, స్టెరాయిడ్ మీదుంటే, నాలుగుసార్ల పరీక్ష నుంచి మినహాయింపు లేదు.

చంద్రగిరి ఎంఎల్‌హెచ్‌పీ

సార్, చివరిది. కరోనాలో కొత్తగా 280 వచ్చి, ఇన్సులిన్ వేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు షుగర్ రిజిస్టర్లో పేరు ఎక్కించాలా?

జనరల్ మెడిసిన్, తిరుపతి

వెంటనే ఎక్కించకండి, వదిలేయనూ వద్దు. చేరినప్పుడే హెచ్‌బీఏ1సీ తీసి 6.5, అంతకంటే ఎక్కువుంటే అది కరోనా తెచ్చింది కాదు, ముందునుంచీ ఉండి తెలియనిది, ఎక్కించేయండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇండియాబ్ సర్వే అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. తెలియనివాళ్లు దొరకడం వింతేమీ కాదు. 6.5 కంటే తక్కువుంటే స్టెరాయిడ్ షుగరో, జబ్బు ఒత్తిడి షుగరో కావచ్చు. వేరే పుస్తకంలో పేరు రాసుకుని, ఇన్సులిన్ తగ్గుతూ ఆగేదాకా వారానికోసారి, ఆ తర్వాత మూడు నెలలు నిండాక మళ్లీ పిలవండి. పరగడుపున 126 గానీ, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, ఇంకో రోజు మళ్లీ చూసి నిర్ధారించి రిజిస్టర్లో చేర్చండి. లేకపోయినా ఏడాదికోసారి పరీక్ష రాయండి. కరోనా తర్వాత కొత్తగా షుగర్ వచ్చే ముప్పు సుమారు 1.4 రెట్లని అమెరికా మాజీ సైనికుల రికార్డుల్లో తేలింది.